గీసిన బొమ్మకు మార్కులు వేయకండి

బ్రెజిల్‌లోని రియో డి జనీరో శివారు పేట ఎంజెన్యో ద దెంత్రోలో ఒక పెద్ద పిచ్చాసుపత్రి ఉండేది. 1944లో అక్కడ ఓ డాక్టరమ్మ డ్యూటీలో చేరింది. పేరు నీజె ద సిల్వేరా. 1926లో వైద్యపట్టా పుచ్చుకున్నప్పుడు నూటయాభై మందికి పైగా ఉన్న తరగతిలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. పదేళ్ల తర్వాత, గదిలో మార్క్సిజం పుస్తకాలున్నాయని ఆసుపత్రి నర్సు ఒకామె చెప్పడంతో పోలీసులొచ్చి పట్టుకుపోయారు. ఏడాదికి పైగా జైలు, ఆపైన ఏళ్ల తరబడి సర్కారు ఉద్యోగం లేని బతుకు. తిరిగొచ్చి చూసేసరికి మానసిక వైద్యం రూపే మారిపోయింది. కరెంటు షాకులు, ఇన్సులిన్ ఎక్కించి కోమాలోకి దించడం, మెదడులో నరాల దారులు కోసేయడం... ఆ రోజుల్లో ఇవే సరికొత్త చికిత్సలు.

షాకు ఎలా ఇవ్వాలో ఒక డాక్టరు ఆమెకు చూపించాడు. మీట నొక్కాడు. మంచం మీది మనిషి గిలగిల్లాడి స్పృహ తప్పాడు. అతన్ని తీసుకుపోయి ఇంకొకర్ని పడుకోబెట్టారు. ఈసారి మీట నువ్వు నొక్కమని ఆమెతో అన్నాడు. ఆమె నొక్కనంది. (ఇప్పటి షాకు వైద్యం వేరు. మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చి మాత్రమే చేయాలని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. తీవ్రమైన కుంగుబాటులో అది ప్రాణాలు నిలబెడుతుంది కూడా. అప్పట్లో మత్తూ లేదు, అలాంటి చట్టమూ లేదు.)

మీట నొక్కని డాక్టరును ఏం చేసుకోవాలి? ఎవరికీ పట్టని విభాగానికి పంపారు. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ. పేరు గొప్పదే గానీ అక్కడ రోగులు చేసే పని ఊడవడం, తుడవడం. ఆసుపత్రికి జీతం లేని పనివాళ్లన్నమాట. నీజె చీపుళ్లు పక్కన పెట్టించింది. 1946లో అల్మీర్ మావిన్యే అనే కుర్ర చిత్రకారుడి సాయంతో ఒక గదిలో రంగులు, కుంచెలు, కాగితాలు, బంకమట్టి సిద్ధం చేసింది. ఫలానాది గీయమని ఎవరికీ చెప్పలేదు. గీసినవాళ్లను ఆకాశానికెత్తలేదు, గీయనివాళ్లను కసరలేదు. రోగి అనే మాటే వాడొద్దంది. క్లయింటు అనమంది.

ఆ గదికి వచ్చినవాళ్లలో అడెలీనా గోమెజ్ ఒకామె. పేదింటి పల్లెటూరి పిల్ల. పద్దెనిమిదేళ్ల వయసులో ఒకతన్ని ఇష్టపడింది. తల్లి ఒప్పుకోలేదు. పిల్ల నోరెత్తకుండా తలొంచుకుంది. ఒక రోజు ఉన్నట్టుండి, ఇంట్లో అందరూ ముద్దు చేసే పిల్లిని గొంతు నులిమి చంపేసింది. 1937లో తెచ్చి ఆసుపత్రిలో పడేశారు. ఎవరితోనూ మాట్లాడదు, దగ్గరికెళ్తే మీద పడుతుంది. రంగుల గదిలోకి వచ్చాక అడెలీనా ముందు మట్టి పట్టుకుంది. బరువైన, చూస్తే భయమేసే ఆడబొమ్మలు చేసింది. ఏ తవ్వకాల్లోనో దొరికిన అమ్మతల్లి విగ్రహాల్లా ఉంటాయవి. తర్వాత కాగితం మీదికి మళ్లింది. ఆ బొమ్మల్లో ఆడమనిషి ఒళ్లు కాడ అవుతుంది, చేతులు ఆకులవుతాయి, ముఖం పువ్వవుతుంది. తల్లి ముందు ఎత్తలేకపోయిన నోరు అక్కడ విచ్చుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ మనిషి నెమ్మదించింది. 1984లో చనిపోయేనాటికి ఆమె చేతి నుంచి 17 వేలకు పైగా బొమ్మలు వచ్చాయి.

ఎమిడియో ద బారోస్ అనే ఇంకొకాయన ఒకప్పుడు నౌకాదళం వర్క్‌షాపులో పనిమంతుడు. ఇరవై ఏళ్లకు పైగా వార్డులో ఉండి, ఇక ఈయన పని అయిపోయిందని అందరూ వదిలేశాక కుంచె పట్టాడు. 1949లో సావో పాలో ఆధునిక కళా మ్యూజియంలో ఈ గది బొమ్మలు ప్రదర్శనకు పెడితే బ్రెజిల్ విమర్శకులు నోరెళ్లబెట్టారు. 1952లో నీజె వాటికొక మ్యూజియమే కట్టించుకుంది. 1957లో జూరిచ్‌లో మానసిక వైద్యుల ప్రపంచ సభలో ఈ బొమ్మల ప్రదర్శనను కార్ల్ యుంగ్ ప్రారంభించాడు. ఇవాళ ఆ మ్యూజియంలో మూడున్నర లక్షలకు పైగా బొమ్మలున్నాయి. ఒకప్పుడు ఆమెను మూలకు తోసిన ఆసుపత్రికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు.

ఈ కథలో ఒక్క విషయం పట్టుకోవాలి. ఆ గదిలో మార్కులు లేవు.

కళ మనసుకు మంచిదంటే మన దగ్గర కాదనేవాళ్లు ఉండరు. ఆ మాట అనేసి, మర్నాడే కళను పోటీగా, పరీక్షగా, వారాంతపు సర్టిఫికెట్‌గా మార్చేస్తారు. వైద్యంగా దాన్ని నడపడానికి కావలసిన మనిషినీ గదినీ జీతాన్నీ మాత్రం ఎవరూ అడగరు. తెలుగు రాష్ట్రాల్లో కళా చికిత్సకు అడ్డం పడుతున్నది వ్యతిరేకత అనలేం. ఈ తేలికపాటి ఒప్పుకోలే దానికి పెద్ద అడ్డంకి.

నిజానికి మనకు ఈ వైద్యం అవసరం ఒకింత ఎక్కువే. 'కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది' అని చెప్పి పెంచిన ఇళ్లు మనవి. ఇంటిగుట్టు బయటపెట్టకూడదు, మొగుడి మాట పుట్టింట్లో చెప్పకూడదు, మగపిల్లాడు ఏడవకూడదు. అలాంటి మనిషిని తీసుకెళ్లి కౌన్సెలర్ ఎదుట కుర్చీలో కూర్చోబెట్టి "మీ మనసులో ఏముందో చెప్పండి" అంటే ఏం చెబుతాడు? "ఏం లేదండీ, కాస్త నిద్ర పట్టట్లేదు" అంటాడు. అక్కడితో సరి. అబద్ధం చెప్పాలని కాదు. ఆ సంగతికి అతని దగ్గర మాట లేదు. 1990లలో అమెరికాలో బెసెల్ వాన్ డెర్ కోక్ బృందం, ఘోరం అనుభవించినవాళ్లు దాన్ని తలచుకుంటున్నప్పుడు మెదడు స్కాన్లు తీసింది. మాటకు సంబంధించిన బ్రోకా భాగంలో చురుకు తగ్గినట్టు కనిపించింది. చిన్న పరిశోధనే. కానీ 'నోట మాట రాలేదు' అని మనవాళ్లు ఊరికే అనలేదనిపిస్తుంది.

మాట రాని చోట చెయ్యి పనికొస్తుందని గట్టిగా చెప్పినవాళ్లలో ఇంగ్లండు చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ ఒకడు. 1938లో క్షయ వచ్చి, మన మదనపల్లె పక్క ఆరోగ్యవరం లాంటి ఒక శానిటోరియంలో మంచం పట్టాడు. ఊసుపోక మంచం పక్కనున్న వస్తువులు గీయడం మొదలెట్టాడు. దాంతో తనకు తెరిపిన పడ్డట్టు అనిపించి తోటి రోగుల చేతికీ పెన్సిళ్లిచ్చాడు. వాళ్లలో యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిలూ ఉన్నారు. పూలూ కొండలూ గీస్తారనుకుంటే కొందరు తాము చూసిన చావులు గీశారు. 'ఆర్ట్ థెరపీ' అనే పేరు 1942లో ఆయన పెట్టిందే.

తర్వాత ఆ పని ఒక వృత్తిగా గట్టిపడింది. ఇంగ్లండులో ఆర్ట్ థెరపిస్టు, మ్యూజిక్ థెరపిస్టు, డ్రామా థెరపిస్టు అనే పేర్లకు చట్టం కాపలా ఉంది. ఆరోగ్య వృత్తుల కౌన్సిల్లో రిజిస్టరు కానివాళ్లు ఆ పేరు బోర్డు మీద రాసుకుంటే నేరం. ఇంత కట్టుదిట్టం ఎందుకో తెలియాలంటే, అలాంటి గదిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

తండ్రి పోయిన తొమ్మిదేళ్ల పిల్ల వచ్చిందనుకుందాం. బడిలో మాట్లాడదు, ఇంట్లో అన్నం సగంలో వదిలేస్తుంది. టేబుల్ మీద పెన్సిళ్లు, క్రేయాన్లు, నీటిరంగులు, మట్టి ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. పెన్సిల్ చెప్పిన మాట వింటుంది. ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. నీటిరంగు వినదు, పారుతుంది, పక్క రంగులో కలిసిపోతుంది. లోపల అంతా చెదిరిపోయి ఉన్న పిల్లకు మొదటిరోజే నీటిరంగులిస్తే ఇంకా బెదిరిపోవచ్చు. పళ్ల బిగువున కోపం ఆపుకుంటున్నవాడికి మట్టి మేలు, పిసకొచ్చు, బాదొచ్చు, బల్లకేసి కొట్టొచ్చు, మట్టి ఏమీ అనుకోదు. ఎవరికి ఏది, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే ఇక్కడి మందుచీటీ.

పిల్ల ఒక ఇల్లు గీసింది. ఇంటికి తలుపు లేదు. డ్రాయింగ్ టీచరైతే "తలుపు మర్చిపోయావు చూడు" అంటారు. అమ్మయితే తనే పెన్సిల్ తీసుకుని తలుపు పెడుతుంది. థెరపిస్టు ఆ రెండూ చేయదు. "ఈ ఇంట్లో ఎవరుంటారు?" అని అడుగుతుంది. జవాబు రాకపోతే ఊరుకుంటుంది. నాలుగు వారాల తర్వాత పిల్లే కిటికీ ఒకటి పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. ఈ ఊరుకోవడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

ఇక్కడే మరో ముచ్చట. ఫలానా రంగు వాడితే ఫలానా జబ్బు అని చెప్పేవాళ్లు ఫోన్ల నిండా తయారయ్యారు. నల్లరంగు వేస్తే దిగులట, ఎరుపు వేస్తే కోపమట. పిల్లాడి పెట్టెలో మిగిలింది నల్ల క్రేయాన్ ఒక్కటే అయ్యుండొచ్చు కదా! బొమ్మ చూసి జాతకం చెప్పేవాణ్ని థెరపిస్టు అనకూడదు. ఆ బొమ్మకు అర్థం చెప్పే హక్కు గీసిన చేతిదే.

పాట సంగతి ఇంకా చిత్రం. 2011 జనవరిలో అమెరికాలోని టూసాన్‌లో గ్యాబీ గిఫర్డ్స్ అనే ఎంపీని ఒకడు తలలో కాల్చాడు. తూటా మెదడు ఎడమ భాగంలోంచి దూసుకుపోయింది. బతికింది గానీ మాట పోయింది. మ్యూజిక్ థెరపిస్టుతో కూర్చుని, నోట రాని మాటలను పాటగా పాడుతూ పాడుతూ ఆమె మళ్లీ మాటలు కూడదీసుకుంది. మాటకు ముఖ్యమైన ఎడమవైపు దెబ్బతిన్నా రాగం పోయే దార్లు మిగిలుంటాయి. ఆ దారిన మాటను నడిపించి తెచ్చే పద్ధతిని 1973లోనే బోస్టన్ వైద్యులు రాశారు. మాట్లాడితే నత్తి వచ్చే మనిషి పద్యం ఎత్తుకుంటే గలగలా పాడేయడం మన ఊళ్లలో చూసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు.

అలాగని ఎక్కువ చేసి చెప్పకూడదు. కళా చికిత్సను ఇష్టపడేవాళ్లు చాలామంది ఇక్కడే కాలు జారుతారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం మూడు వేలకు పైగా పరిశోధనలు చదివించి ఒక నివేదిక ఇచ్చింది. జబ్బు రాకుండా చూడటం దగ్గర్నుంచి జీవితపు చివరి రోజుల సంరక్షణ దాకా కళలకు పాత్ర ఉందని అందులో తేలింది. ఆ నివేదిక పేరు చెప్పుకొనేవాళ్లు 2012 నాటి మాటిస్ పరీక్ష గురించి మాత్రం ఎత్తరు. బ్రిటన్‌లో స్కిజోఫ్రేనియా ఉన్న 417 మందిని తీసుకుని, కొందరికి మామూలు వైద్యంతో పాటు బృంద ఆర్ట్ థెరపీ కూడా ఇచ్చి చూశారు. రెండేళ్ల తర్వాత లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. పిలిచినవాళ్లలో చాలామంది అసలు తరగతులకు రానే లేదన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. అలాగే 2016లో ఫిలడెల్ఫియాలో 39 మందితో ముప్పావుగంట బొమ్మలు వేయించి ఉమ్మి పరీక్ష చేస్తే, నూటికి 75 మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసోల్ తగ్గింది. బొమ్మలు గీయనివాళ్లతో పోల్చి చూడని చిన్న పరీక్ష అది. దాని బలమూ అంతే, బలహీనతా అంతే.

కాబట్టి డాక్టరు రాసిన మాత్రలు ఆపేసి రంగుల పెట్టె కొనుక్కోమని చెప్పేవాణ్ని నమ్మొద్దు. ఫలానా రాగం వింటే బీపీ దిగుతుంది, ఫలానా రాగానికి షుగరు కంట్రోలవుతుంది అంటూ తెల్లారేసరికి వాట్సాప్‌లోకి వచ్చే వీడియోలనూ అక్కడే వదిలేయాలి. ముందే గీసిపెట్టిన గీతల్లో రంగులు నింపే పెద్దల పుస్తకాలు కాలక్షేపానికి మంచివి. కాలక్షేపం తప్పేమీ కాదు. దాన్ని వైద్యం అనుకోవడమే తప్పు.

ఇక మన బడి. ఇక్కడ కాస్త ఆగాలి.

తెలుగు దేశంలో ఏ ఊరి బడికైనా వెళ్లి ఇష్టమొచ్చిన బొమ్మ గీయమంటే పిల్లలు ఏం గీస్తారో అందరికీ తెలుసు. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి దిగే ఏరు, ఒడ్డున ఒక పెంకుటిల్లు, పక్కన కొబ్బరిచెట్టు, పైన ఎగిరే కొంగలు నాలుగు. కొండ కనపడని కృష్ణా డెల్టా పిల్లాడూ అదే గీస్తాడు, కొబ్బరిచెట్టు అరుదైన ఊరి పిల్లా అదే గీస్తుంది. డాబా ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లూ పెంకుటిల్లే గీస్తారు. అది ఎవరి బొమ్మా కాదు. ఎవరో గీస్తే పదికి పది వచ్చిన బొమ్మ. తరాల నుంచి పిల్లలు దాన్ని కాపీ కొడుతూనే ఉన్నారు, ఎందుకంటే దానికి మార్కులు ఖాయం. ఆగస్టు పదిహేనుకో నవంబరు పద్నాలుగుకో పెట్టే పోటీల్లోనైతే అంశం కూడా పైనుంచే వస్తుంది: నీటి పొదుపు, స్వచ్ఛత, జాతి సమైక్యత. పిల్లకు రాత్రి వచ్చిన కలకు అందులో చోటు లేదు.

దీని పక్కన ఇంకో గది పెట్టి చూడాలి. చెక్ దేశంలోని టెరెజీన్‌లో నాజీలు యూదుల్ని కుక్కిన బందిఖానా అది. 1942 చివర్లో అక్కడికి ఈడ్చుకొచ్చినవాళ్లలో ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి ఉంది. పిల్లల బ్యారక్‌లలో ఆమె రహస్యంగా బొమ్మల తరగతులు నడిపింది. కాగితం దొరక్కపోతే ఆఫీసు ఫారాల వెనక వైపు గీయించింది, చిత్తుకాగితాలు చింపి అతికించింది. ఒకరి బొమ్మ చూసి ఒకరు గీయడం ఆమెకు నచ్చేది కాదు. పిల్లల చేత బొమ్మ కింద తమ పేరు రాయించేది. నంబర్లుగా మిగిలిన పిల్లలకు పేరు రాసుకునే చోటు అదొక్కటే. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తీసుకుపోయి చంపేశారు. వెళ్లేముందు రెండు సూట్‌కేసుల్లో దాదాపు 4,500 బొమ్మలు దాచిపెట్టింది. అవిప్పుడు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. గీసిన పిల్లల్లో ఎక్కువమంది లేరు. ఫ్రీడల్ తన పనిని థెరపీ అనలేదు. ఆమె దగ్గర చదువుకున్న ఈడిత్ క్రేమర్ మాత్రం 1938లో అమెరికా చేరి, అక్కడ పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్లలో ఒకరైంది.

ఆ చెరసాలలో ఒక టీచరు పిల్లలకు ఇచ్చింది ఏమిటి? ఓ గంట సేపు, ఎవరూ దిద్దని ఒక కాగితం. స్వతంత్ర దేశంలో, బంగారం లాంటి బడుల్లో, మనం పిల్లలకు ఇవ్వలేకపోతున్నది అదే. ఒకప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఆయన పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకునేవారు. ఇప్పుడు అడగడం కూడా మానేశారు. ఇంటర్‌కు వచ్చేసరికి పొద్దున్నే మొదలై రాత్రి దాకా స్టడీ అవర్లు, వారాంతం టెస్టులు, గోడ మీద ర్యాంకుల జాబితా. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. త్రిసభ్య కమిటీ వేశారు, ఫెయిలైనవాళ్ల జవాబు పత్రాలు మళ్లీ చూశారు. మార్కులు సరిచూసే ఏర్పాటు జరిగింది. బతికున్న మిగతా పిల్లల మనసుల సంగతి ఏ పత్రం తిరగేస్తే తెలుస్తుంది? బొమ్మలు గీయిస్తే ఆ చావులు ఆగేవని ఎవరూ అనలేరు. ఒక పిల్లాడు మునిగిపోతున్నాడని ముందుగా పసిగట్టే మనిషి ఒకరు క్యాంపస్‌లో ఉండాలని మాత్రం అనొచ్చు.

దేశంలో కళను వైద్యంగా నడిపి చూపించినవాళ్లు ఉన్నారు. సోహినీ చక్రవర్తి 2004లో పెట్టిన 'కోల్‌కతా సంవేద్' మనుషుల అక్రమ రవాణా నుంచి బయటపడ్డ ఆడపిల్లలతో నృత్య చికిత్స చేస్తోంది. అక్కడ భరతనాట్యం నేర్పరు. దెబ్బతిన్నది ఒళ్లు కాబట్టి, ఆ ఒళ్లు మళ్లీ తనదేనని ఆ పిల్లకు తెలియాలి. చేయి ఎంత దూరం చాపగలను, ఎవరు ఎంత దగ్గరికి రావొచ్చు, ఎక్కడ 'వద్దు' అనాలి... ఇవన్నీ అడుగులతో, ఊపిరితో, తాళంతో నేర్చుకుంటారు. అలా కోలుకున్న పిల్లల్లో కొందరు శిక్షణ పొంది తామే ఇతరులకు నేర్పే స్థాయికి ఎదిగారు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఈ సంస్థతో కలిసి నృత్య చికిత్సలో డిప్లొమా కూడా నడిపింది. దాన్ని ఒక చదువుగా నిలబెట్టారు.

మనకూ సరంజామా తక్కువేం లేదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. నోరు విప్పని పిల్ల చేతిలో ఒక బొమ్మ పెడితే ఆ బొమ్మ మాట్లాడుతుంది. తప్పు చెప్పినా బొమ్మ చెప్పినట్టే, పిల్లకు భయం ఉండదు. ఒగ్గుకథ ఉంది, బుర్రకథ ఉంది. బుర్రకథలో పక్కన ఉండి ప్రశ్నలడిగే వంతగాడి పాత్ర చూస్తే, గ్రూపు థెరపీకి అచ్చంగా సరిపోతుందనిపిస్తుంది. చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసే చేతికి ఏకాగ్రత గురించి పాఠం చెప్పక్కర్లేదు. రోకటి పాటల్లో, బతుకమ్మ పాటల్లో ఆడవాళ్లు అత్తింటి కష్టాలు ఎన్ని కక్కుకున్నారో! అయితే పాట పాడుకుని తేలికపడటం వేరు, వైద్యం వేరు. పాట మధ్యలో ఒకామె కుప్పకూలిపోతే ఏం చేయాలో తెలిసిన మనిషి పక్కన ఉంటేనే అది వైద్యం. ఇంగ్లిషులో చదువుకుని, దిగుమతి పాఠాలతో పాలమూరు పల్లెకు వెళ్లే థెరపిస్టు అక్కడి పాట నేర్చుకోవాలి. పల్లె పాట బాగా తెలిసినంత మాత్రాన ఎవరూ థెరపిస్టు అయిపోరు. రెండూ కలిసిన మనుషుల్ని తయారు చేయాలి.

దీనికి చట్టం అడ్డం లేదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూలులో ఆర్ట్, డ్యాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టుల పేరు స్పష్టంగా ఉంది. రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టి, చదువుకు ప్రమాణాలు చూసి, అర్హులను రిజిస్టరు చేయాలి. ఆ పని గట్టిగా సాగితే శని, ఆదివారాల కోర్సు చేసి సోమవారం 'థెరపిస్టు' బోర్డు తగిలించేవాళ్ల సంగతీ తేలుతుంది.

మన దగ్గర మరో చిక్కుంది. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో బెంగళూరు నిమ్‌హాన్స్ చేసింది. వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, జబ్బునుబట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని చెప్పింది. దేశమంతా ఈ అంకెలు వల్లె వేస్తుంది, తెలుగు నేతలూ సభల్లో చెబుతారు. ఆ సర్వే జరిగింది 12 రాష్ట్రాల్లో. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గురించి మనకున్నది ఎక్కువగా జోకులు: హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ కేసు', విశాఖలో 'చినవాల్తేరు పంపించాలి'. రెండు పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాలల పేర్లను వెక్కిరింతలుగా మార్చుకున్న జనానికి, అక్కడికి వెళ్లి కూర్చోమంటే కాళ్లాడవు. తలుపు మీద 'బొమ్మల గది' అని రాసి ఉంటే ఆ గడప దాటడం కొంత సులువు. ఈ ఒక్క లాభం చాలు, ఆ గది పెట్టడానికి.

ఖర్చు పెద్దదేం కాదు. ఎర్రగడ్డలో, విశాఖలో, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో అర్హులైన ఆర్ట్, సంగీత, నృత్య చికిత్సకుల పోస్టులు పెట్టాలి. గురుకులాలకూ ఇంటర్ కాలేజీలకూ నాలుగైదు క్యాంపస్‌లు పంచుకునేలా ఒక కౌన్సెలరు, వాళ్లకు ఈ పద్ధతుల్లో శిక్షణ. తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో ఒక విశ్వవిద్యాలయ కోర్సు. వారానికి ఒక్క పీరియడ్ మార్కులు లేని బొమ్మలకు, పాటకు. ఆ పీరియడ్ అరువు అడిగే హక్కు లెక్కల మాస్టారికి ఉండకూడదు.

అంతదాకా ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. పిల్ల బొమ్మ తెచ్చి చూపిస్తే "ఏంటిది, ఇలా ఉంది?" అనొద్దు. ఎగబడి మెచ్చుకోనూ వద్దు. "దీని గురించి చెప్పు" అని అడిగి, చెప్పినంత సేపు వినండి. బొమ్మలోనో మాటలోనో చావు గురించి, బతకాలని లేకపోవడం గురించి కనపడితే ఆలస్యం చేయకండి. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక రెండు శాసనసభల్లోనూ గౌరవ సభ్యులు ఎవరైనా ఒక్కరు లేచి ఆరోగ్యమంత్రిని ఈ ప్రశ్న అడగాలి: 2021 చట్టంలో పేరున్న ఈ చికిత్సకులు మన రాష్ట్ర ప్రభుత్వాసుపత్రుల్లో ఎందరున్నారు? జవాబు ఎంతైనా సరే, సున్నా అయినా సరే, రికార్డులోకి ఎక్కాలి.